కార్తె కార్తెకో గాలం



ఈ పూట మీసాల చేపల గురించి మాట్లాడుకుందాం. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి. ఈ పేర్లు వినగానే కొందరికి పులుసు గుర్తొస్తుంది. కొందరికి ముల్లు గుచ్చుకున్న వేలు గుర్తొస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంది. గాలం వేసి, ఒడ్డున కూర్చుని, ఆ చేప కోసం ఎదురుచూసే సరదా. ఆ సరదా గురించే ఈ ప్రసంగం.

మన పెదకూరపాడు వైపు వాళ్ళకు ఈ సరదాకు కావలసిందంతా చేరువలోనే ఉంది. అమరావతి వెళితే కృష్ణ. అచ్చంపేట వైపు వెళ్ళినా కృష్ణే. ఇంకా పైకి, బెల్లంకొండ దాటితే పులిచింతల. ఇవి కాక సాగర్ కుడి కాలవ మేజర్లు, ఊళ్ళలో చెరువులు, వానకు పొంగే వాగులు. ఏడాదిలో ఎప్పుడు చూసినా వీటిలో ఎక్కడో ఒకచోట నీళ్ళుంటాయి. నీళ్ళున్న చోట మీసాల చేప ఉంటుంది.

అయితే ఏడాది పొడవునా అది ఒకే చోట ఉండదు. ఒకే వేళకు తినదు. ఎండకు ఒక చోట, వానకు ఒక చోట, చలికి ఒక చోట. కార్తె చూసి విత్తనం వేసే ఊళ్ళు మనవి. గాలం కూడా కార్తె చూసే వేయాలి. ఇంకొక మాట. కార్తె చూసి గాలం తీసి పక్కన పెట్టాలి కూడా. వేయడం ఎప్పుడో తెలిసినవాడికి తీయడం ఎప్పుడో కూడా తెలియాలి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ చేప సంగతి తెలుసుకుందాం.

బొచ్చె, రాగండి, శీలావతి మనకు బాగా తెలిసిన చేపలు. వాటికి ఒంటి నిండా పొలుసు ఉంటుంది. మీసాల చేపలకు పొలుసు ఉండదు. నున్నటి తోలు, దాని మీద జిగురు. మూతి చుట్టూ మీసాలు. వాలుగకు రెండు జతలు, జెల్లకూ మార్పుకూ ఇంగిలాయికీ నాలుగేసి జతలు. ఆ మీసాలు అందానికి కాదండి. వాటి మీద రుచి తెలిసే మొగ్గలుంటాయి. మీసాల మీదే కాదు, తోలు మీద కూడా ఉంటాయి. ఒక్క మాటలో చెప్పాలంటే ఈ చేపకు ఒళ్ళంతా నాలుకే. అమెరికా నదుల్లో దొరికే ఒక మీసాల చేప ఒంటి మీద లక్షకు పైగా రుచి మొగ్గలున్నాయని అక్కడి శాస్త్రవేత్తలు చెబుతారు. బురద నీళ్ళలో, కటిక చీకట్లో కూడా ఆహారం ఏ దిక్కున ఉందో అది పసిగట్టగలదు.

దాని వినికిడి కూడా గట్టిదే. కడుపులో ఉండే గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న చిన్న ఎముకల వరస ఉంటుంది. నీటిలో పుట్టిన చప్పుడు ఆ ఎముకల గుండా చెవికి చేరుతుంది. ఒడ్డున మనం ధబధబా నడిచినా, రాయి దొర్లించినా దానికి తెలిసిపోతుంది. అందుకే గాలం వేసేవాడు ఒడ్డున మెల్లగా నడవాలి. సెల్‌ఫోనులో పాట పెట్టి నేల మీద ఉంచకూడదు.

ఇక, ఇది పగటి చేప కాదు. పగలు లోతున, రాతి సందున, మునిగిన మొద్దు కింద, నాచు నీడన పడి ఉంటుంది. పొద్దు వాలాక కదులుతుంది. తెల్లవారే ముందు ఇంకోసారి తిరుగుతుంది.

ఇప్పుడు చెప్పిన దాంట్లోంచి మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. నీటి అడుగు. చీకటి వేళ. వాసన గల ఎర. మళ్ళీ చెబుతున్నాను. నీటి అడుగున వెతకాలి. చీకటి పడే వేళ వెతకాలి. వాసనతో పిలవాలి. ఈ మూడూ కుదిరితే మీ చేతిలో ఉన్నది వెదురు కర్రా, వేలు పోసి కొన్న ఫైబరు కర్రా అన్నది పెద్ద తేడా కాదు.

సామాను సంగతి చూద్దాం. కర్ర, దారం, సీసం, గాలం. అంతే. జెల్లలకైతే సన్న దారం, చిన్న గాలం చాలు. వాలుగకు మాత్రం దారం దిట్టంగా ఉండాలి. వాలుగ నోరు పెద్దది, కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది. లోపల సన్నటి వాడి పళ్ళు వరసలుగా ఉంటాయి. నైలాన్ దారం ఆ పళ్ళకు రాసుకుంటే తెగుతుంది. అందుకని గాలానికి ముందు జానెడు సన్నని ఉక్కు తీగ కడతారు.

సీసం కట్టడంలో ఒక చిన్న కిటుకు ఉంది. సీసాన్ని దారానికి బిగించి కట్టకండి. మధ్యలో రంధ్రం ఉన్న సీసం గుండు తీసుకుని, దారాన్ని అందులోంచి దూర్చండి. గాలానికి మూరెడు పైన ఒక ముడి వేయండి. సీసం అంతకన్నా కిందికి జారదు. గుండు అడుగున కూర్చుంటుంది. చేప ఎర అందుకుని పోతుంటే దారం మాత్రం రంధ్రంలోంచి జారుతుంది. బరువు చేపకు తెలియదు. బరువు తెలిస్తే ఎర వదిలేస్తుంది. తెలియకపోతే మింగే దాకా వస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది.

నిలవ నీటిలో, చెరువులో, జెల్లల కోసం అయితే బెండు వాడుకోవచ్చు. ఎర అడుగును తాకీ తాకనట్టు ఉండేలా బెండు ఎత్తు సరిచూసుకోండి. చీకట్లో బెండు కనబడదు కదా అంటారా? కర్ర చివర ఒక గజ్జె కట్టండి. చేప ముట్టుకుంటే గజ్జె మోగుతుంది. రాత్రి వేళ కంటికి పని తక్కువ, చెవికి పని ఎక్కువ.

ఎర గురించి చెప్పాలంటే, కంటికి ఇంపుగా ఉండే ఎర దీనికి అక్కర్లేదు. ముక్కు మూసుకునే ఎర కావాలి. జెల్లలకూ మార్పులకూ వానపాములు మంచి ఎర. కాలవ గట్టున తడి మట్టి తవ్వితే దొరుకుతాయి. కోళ్ళ కొట్టులో పారేసే పేగులు, కార్జం ఇంకా మంచివి. కార్జం మెత్తగా ఉండి గాలం నుంచి జారిపోతుంది. పల్చటి గుడ్డ పీలికలో చుట్టి, పైన దారం నాలుగు చుట్లు చుడితే నిలుస్తుంది. వాలుగ ముఖ్యంగా చేపలను తినే చేప. దానికి చిన్న పరక చేపో, చేప ముక్కో గుచ్చాలి. పిండి ముద్దలు, చెక్క, తవుడు రాగండికీ బొచ్చెకూ గానీ వాలుగకు కావు.

ఎర వేశాక తొందర పనికిరాదు. జెల్ల ముందు కొరికి చూస్తుంది. గజ్జె ఒకసారి మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. అప్పుడే లాగితే ఉత్త గాలం వస్తుంది. దారం ఒక దిక్కుకు సాగిపోతూ బిగుసుకుంటుందే, అప్పుడు లాగాలి. వాలుగ అయితే ఇంత సరాగం ఆడదు. అందుకున్నదంటే పోతుంది. పోనివ్వండి. దారం కొంచెం వదులుతూ, కొంచెం లాగుతూ దాన్ని అలవనివ్వండి. రాళ్ళలోకి, చెట్టు వేళ్ళలోకి పోనివ్వకండి. ఒకసారి అందులో దూరిందా, మీ దారం మీది కాదు.

ఒడ్డుకు వచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. వాలుగకు పళ్ళ భయం, జెల్లకు ముళ్ళ భయం. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కలా రెక్కల మొదట్లో చెరొక ముల్లు ఉంటాయి. భయపడినప్పుడు మూడింటినీ నిక్కబొడుచుకుంటుంది. వాటి వెనక నుంచి చెయ్యి వేసి, వేళ్ళు ముళ్ళకు తగలకుండా పట్టుకోవాలి. చేతికి తడిగుడ్డ చుట్టుకుంటే మేలు. ఇంగిలాయి ఇంకా ప్రమాదం. దాని ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే విపరీతమైన పోటు. అలా జరిగితే గాయాన్ని కడిగి, చర్మం కాలనంత వేడిగా ఉన్న నీళ్ళలో ముంచి ఉంచండి. వేడికి ఆ విషం బలం తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళి ముల్లు ముక్క లోపల ఉందేమో చూపించుకోండి, ధనుర్వాతం ఇంజక్షను చేయించుకోండి. పసరు మందులతో సరిపెట్టుకోవద్దు.

ఇక కార్తెల దగ్గరికి వద్దాం.

వేసవితో మొదలుపెడదాం. ఎండాకాలం పల్నాడు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో అత్యధిక ఎండ ఎక్కడంటే రెంటచింతల పేరు వార్తల్లో వినబడుతూనే ఉంటుంది. మేజరు కాలవలకు నీళ్ళు ఆగిపోతాయి. వాగులు ఎండుతాయి. కృష్ణ కూడా ఇసుక మేటల మధ్య సన్నబడి, అక్కడక్కడ మడుగులుగా నిలుస్తుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. వాలుగ మడుగు లోతుకు దిగి, పగలంతా కదలకుండా పడి ఉంటుంది. మార్పుకూ ఇంగిలాయికీ ఈ ఇబ్బంది తక్కువ. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే ఏర్పాటు వాటి ఒంట్లోనే ఉంది. అందుకే చెరువు ఎండుతున్నా మార్పు బురదలో ప్రాణం నిలుపుకుంటుంది.

వేసవిలో గాలం వేయాలంటే తెల్లవారుజాము మంచిది. నాలుగింటికి లేచి వెళ్ళి, ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేయాలి. కృష్ణ లాంటి పెద్ద నీటిలోనే వేయండి. ఎండిపోతున్న చిన్న మడుగు జోలికి మాత్రం పోకండి. అక్కడ చేప దొరకడం తేలికే. ఒక్క గుంటలో నలభై యాభై చేపలు ఇరుక్కుని ఉంటాయి. కానీ వచ్చే ఏడాది ఆ వాగుకు విత్తనం అవే. రోహిణి కార్తె ఎండలకు తట్టుకుని బతికిన ఆ నాలుగు చేపలే తొలకరికి గుడ్లు పెడతాయి. చిన్న మడుగు చేప వాగు విత్తనం. దాన్ని ముట్టుకోవద్దు.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. మృగశిర నాడు చేప తినాలన్నది మన పెద్దల ఆనవాయితీ. ఆ రోజు చేపల మార్కెట్లో నిలబడే చోటుండదు. హైదరాబాదులో చేప ప్రసాదానికి జనం బారులు తీరేదీ ఆ కార్తెలోనే. తొలి వానలు పడతాయి. ఎండిన వాగులోకి ఎర్రనీళ్ళు వస్తాయి. ఆ నీటి వాసనకు చేపలకు ఎక్కడలేని కదలిక వస్తుంది. ప్రవాహానికి ఎదురెక్కుతాయి. చెరువు అలుగు దగ్గర, తూము దగ్గర, పొలాల్లో నిలిచిన నీళ్ళలో మార్పులు పాకుతూ కనిపిస్తాయి. పిల్లలు బుట్టలు పట్టుకుని పరిగెడతారు. చేపలు పట్టే ఊతలు, మావులు బయటికి వస్తాయి. మన వైపు యానాదులకు ఈ విద్య తరతరాలుగా తెలుసు. నీటి మీద బుడగ చూసి కింద ఏ చేప ఉందో చెప్పగలవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

ఇదంతా కన్నులపండువే. కానీ ఆ చేప ఎందుకు ఎదురెక్కుతున్నదో ఆలోచించండి. అది గుడ్లు పెట్టడానికి పోతున్నది. కొత్త నీరు పారిన పల్లపు చోటు వెతుక్కుంటూ పోతున్నది. పొట్ట ఉబ్బి ఉన్న తల్లి చేపను ఆ వేళ పట్టుకుంటే ఒక్క చేపను కాదు, వేల పిల్లలను పట్టుకున్నట్టు లెక్క. వాలుగ పరిస్థితి ఇప్పటికే బాగాలేదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, దాన్ని ముప్పు ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. మన చిన్నతనంలో విరివిగా కనిపించిన చేపకు ఇవాళ ఆ గతి పట్టింది. అందుకని ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా, గాలం అటక మీద పెట్టేయండి. ఆ రోజుల్లో ఒడ్డుకు వెళ్ళండి, చూడండి, పిల్లలకు చూపించండి. వేట మాత్రం వద్దు. కార్తె చూసి గాలం తీయడమంటే ఇదే.

తర్వాత వరదల కాలం. మఖ, పుబ్బ, ఉత్తర. శ్రీశైలం నిండి, సాగర్ నిండి, పులిచింతల గేట్లు లేస్తాయి. వరద కృష్ణను తేలిగ్గా తీసుకోకండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరులోనూ అలాగే వచ్చింది. 2021 ఆగస్టులో పులిచింతలలో ఒక గేటు కొట్టుకుపోయి, దిగువ వాళ్ళు ఉన్నపళంగా అప్రమత్తం కావలసి వచ్చింది. పైన నీళ్ళు వదిలితే మీరు కూర్చున్న ఇసుక తిన్నె చూస్తుండగానే మునిగిపోతుంది. గాలం వేసేవాడి కళ్ళు గజ్జె మీద ఉంటాయి, వెనకాల పెరిగే నీటి మీద ఉండవు. కాబట్టి వరద హెచ్చరిక ఉన్నన్నాళ్ళూ నది ఒడ్డుకు వెళ్ళొద్దు. ఈత వచ్చినా వెళ్ళొద్దు. పడవ ఉన్నా వెళ్ళొద్దు.

వరద తీసిన తర్వాత మాత్రం ఏడాదిలోకెల్లా మంచి రోజులు వస్తాయి. హస్త, చిత్త, స్వాతి కార్తెలు. నీరు ఎర్రదనం పోగొట్టుకుంటూ తేరుకుంటుంది. వరదతో పాటు కొట్టుకొచ్చిన పురుగూ పుట్రా తిని చేపలు బలిసి ఉంటాయి. ఈ రోజుల్లో ఎక్కడ వేయాలి? వడిగా పారే నీరు, నిదానంగా తిరిగే నీరు కలిసే అంచున వేయాలి. పెద్ద రాయి వెనక, వంతెన స్తంభం వెనక, నది మలుపులో లోపలి వైపు సుడి తిరిగే చోట. చేప వడి నీటిలో ఈదుతూ అలిసిపోదు. నిదానపు నీటిలో నిలబడి, వడి నీటిలో కొట్టుకొచ్చే ఆహారం కోసం కాచుకుంటుంది. మన ఎర ఆ అంచున పడాలి. మళ్ళీ చెబుతున్నా. వడి నీటికీ నిలవ నీటికీ నడుమ ఉన్న అంచు. చూపు దాని మీద పెట్టండి.

కార్తిక మాసం వస్తే మన ఇళ్ళలో చాలామంది నీసు ముట్టరు. అమరావతిలో అమరేశ్వరుడి దర్శనానికి, కృష్ణా స్నానానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. స్నానాల రేవుల దగ్గర గాలాలు వేయకండి. తెగిన దారం, విరిగిన గాలం నీటిలో పడి ఉంటే కాలు పెట్టినవాళ్ళకు గుచ్చుకుంటుంది. అలాగని సరదా మానుకోనక్కర్లేదు. కొంచెం దూరంగా వెళ్ళి గాలం వేయండి. పడిన చేపను తడి చేత్తో పట్టుకుని, గాలం మెల్లగా తీసి, నీటిలోనే నిలబెట్టి వదిలేయండి. ముల్లు లేని గాలం, అంటే కొన దగ్గర కొక్కెం నొక్కేసిన గాలం వాడితే చేపకు గాయం తక్కువ. ఇంట్లో ఆచారమూ నిలుస్తుంది, చేప ప్రాణమూ నిలుస్తుంది, మీ సాయంత్రమూ దక్కుతుంది.

చలికాలంలో, డిసెంబరు, జనవరి నెలల్లో, నీరు చల్లబడి చేప మందకొడిగా ఉంటుంది. పెద్ద ఎర మింగదు. చిన్న ఎర పెట్టాలి. ఈ ఒక్క కాలంలో మాత్రం చీకటి వేళ అన్న నియమం కొంచెం సడలించుకోవచ్చు. మధ్యాహ్నం ఎండకు నీరు కాస్త వెచ్చబడ్డాక పొద్దు వాలేలోపు వేస్తే ఫలితం ఉంటుంది. చేప పడకపోయినా ఆ కాలానికి ఒడ్డున చూడదగినవి చాలా ఉంటాయి. నీటి పక్షులు వస్తాయి. ఓపిక ఉంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్ళి రండి. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా కనబడతాయి. వాటి ముక్కులను చూస్తే చేపలు పట్టడంలో మనకంటే ఎంత ముందున్నాయో తెలుస్తుంది.

ఇదేదో ఇప్పటి కాలం వాళ్ళ కాలక్షేపం అనుకోకండి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజుల వినోదాల్లో ఒకటిగా మత్స్యవినోదం ఉంది. చేపల రకాలు, వాటికి వేసే ఆహారం, గాలం వేసే తీరు అన్నీ రాశాడు. సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త ఆ అధ్యాయాన్ని 1951లో ఆధునిక శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. రాజుగారు చేప కోసం కాదు గదా వెళ్ళింది. వంటశాలలో ఆయనకు చేపలకు కరువా? ఒడ్డున కూర్చునే ఆ పూట కోసం వెళ్ళాడు. మనమూ అందుకే వెళదాం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా వారాంతాల్లో చెరువుల ఒడ్డున మీసాల చేపలకు గాలం వేస్తుంటారు. అక్కడ ఊరికే వేయనివ్వరు. టెక్సాస్ రాష్ట్రంలో పదిహేడేళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు కొనుక్కోవాలి. ఏ చేప ఎంత పొడవుంటే తీసుకోవచ్చు, రోజుకు ఎన్ని తీసుకోవచ్చు అన్నదానికి లెక్కలున్నాయి. మన దగ్గరా పద్ధతులున్నాయి. ఊరి చెరువులో చేప హక్కు పాట పాడుకున్నవాళ్ళది, లేదా మత్స్యకారుల సహకార సంఘానిది. అడక్కుండా గాలం వేస్తే అది సరదా కాదు, దొంగతనం. ఒక మాట అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. నదిలోనూ వల వేసిన చోటుకు దగ్గరగా గాలం విసరకండి. మనకు అది ఆదివారం సాయంత్రం. పల్లెకారులకు అది పూట కూడు.

మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నేరమన్నది. ఇప్పటికీ కొన్నిచోట్ల మిరప తోటకు కొట్టే మందు తెచ్చి వాగులో కలిపేవాళ్ళున్నారు. కరెంటు తీగ నీటిలో పెట్టేవాళ్ళున్నారు. ఆ వాగు నీళ్ళే మన గేదెలు తాగుతాయి. ఆ తీగకు మనిషి బలయ్యే ప్రమాదమూ ఉంది. మీ ఊళ్ళో అలాంటి పని జరుగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోకండి.

మీసాల చేపల్లో రెండు వలస చేపల గురించి కూడా చెప్పాలి. ఒకటి ఆఫ్రికా నుంచి వచ్చింది. పేపర్లలో క్యాట్‌ఫిష్ అని రాస్తారే, అది. మన మార్పుకు దాయాది, కానీ దానికి మించి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఏదైనా తింటుంది. కోళ్ళ వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతారు. చెరువు గట్టు తెగి అది వాగులో పడితే అక్కడి చిన్న చేపలకు నూకలు చెల్లినట్టే. కేంద్ర ప్రభుత్వం 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించింది. రెండోది దక్షిణ అమెరికా చేప. అద్దాల తొట్టెల్లో నాచు తింటుందని తెచ్చి పెంచారు. విసుగు పుట్టినవాళ్ళు తెచ్చి చెరువుల్లో వదిలారు. ఒంటి మీద గరుకు పెంకులు, చారలు. దెయ్యం చేప అంటారు కొందరు. వలలు చింపుతుంది, తినడానికి పనికిరాదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏను పరీక్షించి ఇది ఎక్కడెక్కడ ఉందో పసిగట్టే పద్ధతి తయారుచేశారు. ఈ రెండింటిలో ఏది మీ గాలానికి పడినా మళ్ళీ నీటిలో వదలకండి. మన చేపను వదలడం ఎంత మంచి పనో, దీన్ని వదలకపోవడం అంత మంచి పని. ఇంట్లో తొట్టెలోని చేపలను చెరువులో వదలొద్దని పిల్లలకు చెప్పండి.

సరే, మంచి జెల్ల ఒకటి పడింది, ఇంటికి తెచ్చారు. దానికి పొలుసు లేదు కాబట్టి తోమే పని లేదనుకోకండి. జిగురు పోవాలి. రాళ్ళ ఉప్పు, పసుపు వేసి గట్టిగా రుద్ది, రెండు మూడు నీళ్ళు కడగండి. నిమ్మకాయ పిండితే నీచు వాసన తగ్గుతుంది. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, మన మిరపకారం వేసి సన్న సెగ మీద ఉడకనివ్వండి. మామిడికాయల రోజులైతే చింతపండు తగ్గించి రెండు ముక్కలు పుల్లటికాయ వేయండి. గరిటె పెట్టి తిప్పకండి, దాకనే పట్టుకుని కుదపండి. ఈ రాత్రి వండి రేపు పొద్దున తినండి. ఆ రుచి గురించి నేను చెప్పడం అనవసరం.

సమయం దగ్గరపడింది. మరొకసారి అన్నీ గుర్తు చేసుకుందాం. నీటి అడుగు, చీకటి వేళ, వాసన గల ఎర. జారే సీసం, కర్ర చివర గజ్జె. వాలుగకు పళ్ళు, జెల్లకు ముళ్ళు. వేసవిలో చిన్న మడుగు జోలికి పోవద్దు. తొలకరిలో తల్లి చేపను పట్టొద్దు. వరదలో ఒడ్డుకే వెళ్ళొద్దు. హస్త, చిత్త, స్వాతి కార్తెల్లో తనివితీరా వేయండి. చలికాలంలో మధ్యాహ్నం వేయండి.

ఒక్కరే వెళ్ళకండి. ఇంట్లో చెప్పి వెళ్ళండి. చీకటి వేళ టార్చి లైటు, కాలికి బూట్లు తప్పనిసరి, గట్ల మీద పాములుంటాయి. నీటిలో మొసలి ఉందని అక్కడివాళ్ళు చెబితే నమ్మండి, నీటిలో కాలు పెట్టకండి. తెగిన దారం, ప్లాస్టిక్ కవర్లు ఒడ్డున వదలకుండా సంచిలో వేసుకుని తెచ్చేయండి. కుదిరితే మీ పిల్లవాణ్ణో, మీ అమ్మాయినో వెంటబెట్టుకు వెళ్ళండి. గాలం వేయడం మీరు నేర్పండి. దాంతో పాటు గాలం ఎప్పుడు తీయాలో కూడా నేర్పండి. వాళ్ళ కాలానికి కృష్ణలో వాలుగ మిగలాలంటే మొదటిదానికంటే ఆ రెండోదే ముఖ్యం.